ష్పెట్‌లేజె అనగానే తీపి అనుకోకండి

ఏప్రిల్ వచ్చిందంటే మా వైన్ షాపులో తెల్ల ష్పార్గెల్ (ఆస్పరాగస్ అనే కాడల కూరగాయ) సందడి మొదలు. జూన్ 24 దాకా ఇక్కడ జర్మనీలోని వ్యూర్ట్స్‌బుర్గ్‌లో ఎవరింట్లో చూసినా అదే: ఉడికించిన ష్పార్గెల్, బంగాళాదుంపలు, కరిగించిన వెన్న, పక్కన హ్యామ్. తోడుగా డ్రై, అంటే తీపి లేని, సిల్వానర్ అనే వైట్ వైన్. పులుపు మరీ ఎక్కువ లేని వైన్ కాబట్టి ష్పార్గెల్‌లోని సన్నటి చేదుతో గొడవ పడదు.

పదకొండేళ్లుగా ఇవే సీసాలు అమ్ముతున్నా. సీసా మీద ష్పెట్‌లేజె అన్న మాట చూడగానే ఏటా వినేదీ ఒకటే: "అన్నా, ఇది ష్పెట్‌లేజె కదా, తియ్యగా ఉంటుంది, వద్దు." చేతిలో సీసా మీద 'ట్రోకెన్' (డ్రై) అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంటుంది. చదవరు!

పోయిన మేలో మనవాడొకడు ఫోన్‌లో ఫొటో చూపించాడు. మేనేజర్ ఇంటికి ష్పార్గెల్ భోజనానికి పిలిచారట. తీసుకెళ్లడానికి మోసెల్ ప్రాంతపు రీస్లింగ్ (ఇంకో రకం వైట్ వైన్) ష్పెట్‌లేజె కొన్నాడు. ఆల్కహాల్ 8 శాతం. ట్రోకెన్ అన్న మాట ఎక్కడా లేదు. "పెద్ద క్వాలిటీ అన్నారన్నా" అన్నాడు. క్వాలిటీకి వంక లేదు, కానీ అది నిజంగానే తియ్యటి వైన్. తీసుకెళ్తే పరువేం పోదు, భోజనమయ్యాక తాగుతారులే అని చెప్పేదాకా వాడి టెన్షన్ తగ్గలేదు.

ష్పెట్‌లేజె, కబినెట్ అనేవి ద్రాక్ష కోసిన రోజున రసంలో ఎంత చక్కెర ఉందో చెప్పే మాటలు. సీసాలో ఎంత మిగిలిందో చెప్పేవి కావు. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. చెట్టు అదే, కల్లూ అదే. ఇక్కడా అంతే: ఈస్ట్ చక్కెరంతా తినేసి ఆల్కహాల్ చేసేస్తే డ్రై, మధ్యలో ఆపేస్తే తీపి. ట్రోకెన్ అని రాయాలంటే లీటరుకు చక్కెర 4 గ్రాములు దాటకూడదు. పులుపు గట్టిగా ఉంటే 9 దాకా ఒప్పుకుంటారు, కానీ పులుపు కంటే చక్కెర 2 గ్రాములకు మించి ఎక్కువ ఉండకూడదు. కాబట్టి ముందు ట్రోకెన్ అన్న మాట వెతకండి. కనిపించకపోతే ఆల్కహాల్ చూడండి. 7, 8 శాతమైతే దాదాపు తీపే. 12, 13 ఉంటే చాలావరకు డ్రై. 'ఫైన్‌హెర్బ్' అని రాసుంటే మాత్రం అమ్మేవాణ్ణి అడగాల్సిందే, దానికి చట్టంలో లెక్క లేదు.

వైట్ వైన్ చేపలకే అనేది ఇంకో అపోహ. మా ప్రాంతమైన ఫ్రాంకెన్‌లో వెనిగర్, ఉల్లిపాయల నీళ్లలో ఉడికిన సాసేజిలతో, బ్రెడ్ పొడి అద్ది వేయించిన మాంసం ష్నిట్జెల్‌తో కూడా సిల్వానరే తాగుతారు.

డ్రై వైన్ మన కూరలకు భలే ఉంటుందన్న మాట నేనూ నమ్మాను. వచ్చిన కొత్తలో గోంగూర మటన్ వండి, పక్కన 13 శాతం ట్రోకెన్ రీస్లింగ్ పెట్టాను. గోంగూర పులుపు ముందు వైన్ నీళ్లలా అయిపోయింది, ఆల్కహాల్ మాత్రం కారాన్ని ఇంకా మండించింది. అతిథులు మర్యాదకి సగం గ్లాసు తాగి మజ్జిగ అడిగారు. కారం కూరకి కాస్త తీపి మిగిలిన రీస్లింగే నయం.

స్క్రూ మూత ఉంటే చౌకరకం? కాదు. పాత రీస్లింగ్‌లో పెట్రోల్ వాసన వస్తే పాడైనట్టా? కాదు, ఆ వాసన కోసమే కొనేవాళ్లున్నారు.

సీసా అడుగున మెరిసే పలుకులు మాత్రం నిజంగానే భయపెడతాయి. ఒకావిడ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, గాజు ముక్కలు మింగేశామేమో అని ఏడ్చినంత పని చేసింది. అది వైన్‌స్టైన్, ద్రాక్షలోని ఆమ్లమే చల్లదనానికి గడ్డకడుతుంది, ఓ పలుకు వేడినీళ్లలో వేసి చూడమన్నాను. పది నిమిషాలకు మళ్లీ ఫోన్: "కరిగిపోయిందండీ. కానీ మా ఆయన అప్పటికే సీసా మొత్తం సింకులో పోసేశారు."