పాత ట్రాక్టర్ కార్బరేటర్: పీడనంతో నడిచే లెక్క

1939లో ఫోర్డ్ సంస్థ తెచ్చిన 9ఎన్ ట్రాక్టర్‌లో పెట్రోలు పంపు లేదు. ట్యాంకు ఇంజన్ పైన, కార్బరేటర్ ఇంజన్ పక్కన కింది భాగంలో, రెంటి మధ్యా ఒక సన్నని గొట్టం. పెట్రోలు తన బరువుతో తానే దిగుతుంది. దిగిన పెట్రోలును మళ్లీ పైకెత్తి, గాలిలో తుంపరగా కలిపి సిలిండర్లకు పంపే పని కార్బరేటర్‌ది. అందుకు దానికి మోటారు లేదు, విద్యుత్తు లేదు. ఉన్నదల్లా ఒక చోటికీ మరో చోటికీ గాలి పీడనంలో ఉండే తేడా. కొత్త గ్యాస్కెట్లు, కొత్త సూది వేసి మూత బిగించినంత మాత్రాన ఇలాంటి కార్బరేటర్ బాగుపడినట్టు కాదని నా అభిప్రాయం. పీడనం తగ్గాల్సిన చోటే తగ్గుతోందా, గాలి రావాల్సిన దారినే వస్తోందా అన్నది తేలాలి.

గాలి ఇరుకు మెడలోకి వచ్చినప్పుడు వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందని డేనియల్ బెర్నూలి 1738లో వివరించాడు. ఇరుకు మెడల మీద ప్రయోగాలు చేసి 1797లో ప్రచురించిన ఇటలీ శాస్త్రవేత్త వెంచూరి పేరే ఆ మెడకు స్థిరపడింది. కార్బరేటర్‌లో సరిగ్గా ఆ ఇరుకు చోట నాజిల్ (పెట్రోలు చిమ్మే సన్నని గొట్టం) కొస ఉంటుంది. కార్బరేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె ఒకటుంటుంది. ఆ గిన్నెలోని పెట్రోలు మీద దాదాపు మామూలు గాలి పీడనం, నాజిల్ కొస దగ్గర అంతకన్నా తక్కువ పీడనం. ఆ తేడాకు పెట్రోలు నాజిల్‌లోకి ఎక్కి గాలిలో చిమ్ముతుంది. అంటే పెట్రోలును నెట్టేది గిన్నెలో ఉన్న గాలే. ఆ గాలి లోపలికి రావడానికి చిన్న రంధ్రం ఒకటుంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. అది మూసుకుపోతే పెట్రోలు తగ్గే కొద్దీ గిన్నెలో పీడనమూ పడిపోతుంది. ట్రాక్టర్ కాసేపు బాగా లాగి, ఆ తర్వాత నీరసిస్తుంది. మెరుగైన నమూనాల్లో ఈ రంధ్రం ఎయిర్ క్లీనర్ దాటిన తర్వాతి గాలిలోకి తెరుచుకుంటుంది. క్లీనర్ దుమ్ముతో నిండినప్పుడు గిన్నెలోనూ మెడలోనూ పీడనం ఒకే మేరకు తగ్గుతుంది కాబట్టి తేడా మారదు, మిశ్రమం చెడదు. ఎంత తెలివైన ఏర్పాటు!

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాముకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలుకు లెక్కకడితే దాదాపు 9 వేల లీటర్ల గాలి. అయితే మెడ, నాజిల్ మాత్రమే ఉంటే గాలి ప్రవాహం పెరిగే కొద్దీ మిశ్రమం చిక్కబడుతుంది. పీడనం తగ్గిన గాలి పలుచబడుతుంది గానీ పెట్రోలు పలుచబడదు. అందుకే పెట్రోలు దారిలోకే కొంత గాలిని చొప్పించే సన్నని రంధ్రాలు పెట్టారు. మెడలో పీడనం తగ్గి పెట్రోలు లాగుడు పెరిగితే వాటి గుండా గాలి కూడా ఎక్కువగా చొరబడి పెట్రోలును అదుపులో ఉంచుతుంది. శుభ్రం చేసేటప్పుడు మరుగున పడిపోయేవి ఈ రంధ్రాలే. పైకి మెరుస్తున్న కార్బరేటర్ లోపల ఇవి పూడిపోయి ఉంటే ఆ మెరుపు వల్ల లాభం లేదు.

వాటిని పూడ్చేది చాలావరకు నిల్వ పెట్రోలే. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెట్రోలులోని కొన్ని పదార్థాలు బంకగా మారతాయి, తేలిక భాగం ఆవిరైపోతే ఆ బంక గోధుమరంగు పూతలా గట్టిపడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పట్టుకుంటుంది. నీరు మోతాదు మించితే ఇథనాల్‌తో సహా అడుగుకు చేరి పోత ఇనుప గిన్నెను తుప్పు పట్టిస్తుంది. ద్రావకంలో నానబెట్టడం, తర్వాత గాలి ఒత్తిడితో ఊదడం మంచి పద్ధతి. పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రమున్న ఇత్తడి మరను జెట్ అంటారు. ఆ జెట్‌లోకి ఇనుప తీగ దూర్చడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. జెట్ గుండా పారే పెట్రోలు దాని రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం పదో వంతు పెరిగితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. గీతలు పడిన జెట్‌ను తిరిగి సరిచేయలేం.

బిగుసుకుపోయిన ఇత్తడి జెట్‌ను తీయడంలోనూ భౌతికశాస్త్రం ఉంది. వేడికి ఇత్తడి పోత ఇనుము కన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది. కాబట్టి పోత ఇనుప కార్బరేటర్‌ను వేడి చేస్తే జెట్ మొదట ఇంకా బిగుస్తుంది. చల్లారేటప్పుడు రెండూ వేర్వేరు మేరకు కుంచించుకుని మధ్యనున్న తుప్పు పట్టు సడలుతుంది. జింకు మిశ్రమంతో పోసిన కార్బరేటర్‌లో సంగతి తారుమారు. జింకు ఇత్తడి కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక వేడిగా ఉన్నప్పుడే జెట్ వదులవుతుంది. లోహమేదో తెలియకుండా స్క్రూడ్రైవర్‌తో బలం చూపితే జెట్ తల చిరిగిపోతుంది. వేడి చేసే ముందు లోపల పెట్రోలు చుక్క గానీ ఆవిరి గానీ మిగలకూడదని వేరే చెప్పనక్కరలేదు.

గిన్నెలో పెట్రోలు మట్టాన్ని కాపాడేది ఫ్లోట్, అంటే పెట్రోలు మీద తేలుతూ సూదితో లోపలి దారిని మూసే, తెరిచే భాగం. మట్టం ఎప్పుడూ నాజిల్ కొసకు కొద్దిగా కింద నిలవాలి. పెరిగితే మిశ్రమం చిక్కబడి కార్బరేటర్ కారుతుంది, తగ్గితే మిశ్రమం పలుచబడుతుంది. పాత ట్రాక్టర్లలో విరివిగా కనిపించే మార్వెల్-షెబ్లర్ టీఎస్ఎక్స్ రకంలో మూతను తలకిందులు చేసి గ్యాస్కెట్ నుంచి ఫ్లోట్ వరకు కొలిస్తే సుమారు పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. ఇత్తడి ఫ్లోట్‌కు సూదిమొనంత రంధ్రం పడినా వేడి నీటిలో ముంచితే తెలిసిపోతుంది. లోపలి గాలి వ్యాకోచించి బుడగలుగా బయటికొస్తుంది. లోపలికి చేరిన పెట్రోలు పూర్తిగా ఆరిపోయేదాకా టంకం జోలికి పోకూడదు, ఎందుకంటే మూసి ఉన్న ఫ్లోట్‌లో పెట్రోలు ఆవిరి పేలుడు పదార్థమే. బెండు ఫ్లోట్లకు పెట్రోలు తగలకుండా లక్క పూత పూసేవారు. లక్క పెట్రోలులో కరగదు గానీ ఆల్కహాల్‌లో కరుగుతుంది. అందుకే ఇథనాల్ కలిసిన నేటి ఇంధనంలో ఆ ఫ్లోట్లు పూత పోగొట్టుకుని, బరువెక్కి మునుగుతాయి.

ఇక అందరూ వదిలేసే భాగం థ్రాటిల్ ఇరుసు, అంటే ఇంజన్‌కు వెళ్లే మిశ్రమాన్ని తగ్గించే, పెంచే రేకు తిరిగే ఇరుసు. ఇంజన్ వేగాన్ని తానే నిలకడగా ఉంచే గవర్నర్ దాన్ని పనిలో ఉన్నంతసేపూ అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది, కాబట్టి ఇరుసూ అది తిరిగే రంధ్రమూ అరుగుతాయి. ఐడ్లింగ్‌లో, అంటే ఇంజన్ బరువు లేకుండా నెమ్మదిగా నడిచేటప్పుడు, థ్రాటిల్ రేకు దాదాపు మూసి ఉంటుంది. దానికి అవతల ఇంజన్ వైపు పీడనం బయటి గాలి పీడనంలో సగానికన్నా తక్కువకు పడిపోతుంది. అంత తేడా ఉన్నప్పుడు రేకు అంచు సందులోంచి గాలి ధ్వని వేగానికి దగ్గరగా దూసుకుపోతుంది, అరిగిన ఇరుసు సందులోంచి కూడా గాలి జోరుగా చొరబడుతుంది. ఐడ్లింగ్‌కు కావలసిన గాలే కొంచెం కాబట్టి ఈ దొంగగాలి అందులో పెద్ద వాటా అవుతుంది. నాగలి లాగేటప్పుడు రేకు తెరుచుకుని, పీడనం తేడా తగ్గి, అసలు గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది గనుక అది లెక్కలోకే రాదు. బరువు మీద బాగా నడిచి, ఖాళీగా ఉన్నప్పుడు ఆగిపోయే ట్రాక్టర్లు ఇందుకే అంత ఎక్కువ. ఐడ్లింగ్ మర ఎంత తిప్పినా మార్పు రాకపోతే మొదట ఇరుసును పట్టుకుని ఊపి చూడాలి. పైగా ఈ గాలి ఎయిర్ క్లీనర్‌ను దాటి వచ్చింది కాదు. పొలం దుమ్మును నేరుగా సిలిండర్లలోకి తీసుకెళ్లి రింగులను అరగదీస్తుంది. మరమ్మతు కిట్లలో ఇరుసు తరచూ ఉండదు. అయినా కొత్త ఇరుసు తెచ్చి, రంధ్రాన్ని పెద్దది చేసి కంచు బుషింగ్ బిగించడం కన్నా విలువైన పని ఈ మొత్తం మరమ్మతులో లేదని నేను గట్టిగా అంటాను.

బిగించాక సర్దుబాటు ఇంజన్ బాగా వేడెక్కాకే చేయాలి. నాజిల్‌కు వెళ్లే పెట్రోలును తగ్గించే, పెంచే మెయిన్ సూదిని లోపలికి తిప్పుకుంటూ పోతే పని మీదున్న ఇంజన్ బలం తగ్గే చోటు ఒకటి వస్తుంది. అక్కడి నుంచి కొద్దిగా వెనక్కి తిప్పాలి. సూదిని గద్దె మీద ఎప్పుడూ బలంగా బిగించకూడదు, మొనకు గాడి పడుతుంది. అప్పటికీ ఇంజన్ వేగం లయగా పెరుగుతూ తగ్గుతూ ఉంటే, గవర్నర్ సరిదిద్దే సమయానికి మిశ్రమం స్పందించడం లేదన్నమాట. గవర్నర్లు ఇలా ఊగిసలాడటం వెనకున్న గణితాన్ని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1868లోనే రాశాడు. పాత ట్రాక్టర్‌లో దీనికి మామూలు కారణాలు పలుచని మిశ్రమం, గవర్నర్‌ను థ్రాటిల్‌తో కలిపే కడ్డీల్లో రాపిడి. గవర్నర్ స్ప్రింగు జోలికి వెళ్లే ముందు మెయిన్ సూదిని అర చుట్టు తెరిచి చూడాలి. తగ్గకపోతే ఇంజన్ ఆపి, కడ్డీని విడదీసి, ఇరుసు ఎక్కడా పట్టకుండా తిరుగుతోందో లేదో వేళ్లతో పరీక్షించాలి.