ట్యాంకు నిండుడు జబ్బు కాదు

నల్లగొండ

పిల్లలకు తాత రాసేది,

"సెప్టిక్ ట్యాంకు నిండింది, ట్యాంకరును పిలవాలె" అని ఇండ్లల్ల తరచు వినబడే మాట. మూత తీస్తే నీళ్లు పైదాకా కనబడతయి గనక నిజమే అనిపిస్తది. కానీ ట్యాంకు కట్టేదే నిండుగ ఉండనీకి. ఇటునుంచి ఎన్ని నీళ్లొస్తే అటునుంచి అన్ని నీళ్లు ఇంకుడు గుంతకు పోవాలె. మనం చూడాల్సింది నీళ్లను కాదు, అడుగున పేరుకున్న మడ్డిని.

లోపలికి పోయినదాంట్ల బరువున్నది కిందికి దిగి మడ్డి అయితది. జిడ్డు, తేలికైనవి పైన తెట్టు కడతయి. నడుమ ఉన్న నీళ్లే ముందుకు పోవాలె. అందుకే బయటికి పోయే పైపుకు ఇంగ్లీషు T ఆకారం ముక్క పెడతరు. దాని కింది కొస తెట్టు దాటి లోతుకు దిగి ఉంటది. అది విరిగిందో, తెట్టు నేరుగ పోయి ఇంకుడు గుంత సందులన్నీ మూసేస్తది. చిన్న ప్లాస్టిక్ ముక్కే, కానీ మేస్త్రీలు పెట్టుడు మరిచిపోయేది కూడ దాన్నే.

మడ్డిని కొలవనీకి ఏడడుగుల వెదురు కర్ర చాలు. కింది నాలుగడుగులకు పాత తెల్ల పంచె గుడ్డ బిగించి చుట్టి తాడు కట్టాలె. మూత తీసి కొలిచే పని పెద్దోళ్లది. మీరు దూరంగ నిలబడి లెక్క రాసుకోవాలె. మూత తీసినంక పావుగంట ఆగాలె, దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండొద్దు, ఎవరూ లోపలికి వంగి చూడొద్దు. కర్రను ట్యాంకు మొదటి అరల, అంటే ఇంటి మురికి ముందు పడే భాగంల, మెల్లగ దింపాలె. ఊపితే మడ్డి లేచి లెక్క తప్పుతది. అడుక్కు తగిలినంక ఐదు నిమిషాలు ఆగి నిలువుగనే పైకి తియ్యాలె. గుడ్డ పైభాగం ఉత్త తడిగ ఉంటది, కింద గీత గీసినట్టు నలుపు మొదలైతది. ఆ నలుపు ఎత్తే మడ్డి ఎత్తు. నీళ్ల లోతు 4 అడుగులైతే మూడో వంతు, అంటే 16 అంగుళాలు దాటినప్పుడు ట్యాంకరును పిలవాలె. ఇది మామూలుగ 2, 3 ఏండ్లకొకసారి వస్తది.

నలుపు తక్కువే ఉన్నా నీళ్లు పొంగుతున్నయా? అప్పుడు తప్పు ట్యాంకుది కాదు, ఇంకుడు గుంతది. రేగడి నేల తడిస్తే ఉబ్బి సందులు మూసుకుంటది. చెల్కల మొరం బాగనే గుంజుతది గని, కింద బండ తగిలితే నీళ్లు ఎటూ పోవు. అట్లాంటి చోట ట్యాంకరుకు పైసలు పెడితే నాలుగు రోజుల్ల మళ్లీ పొంగుతది. స్నానాల నీళ్లు, బట్టల నీళ్లు వేరే గుంతకు మళ్లిస్తే సగం బాధ తీరుతది. అవి ఒక్కసారే ట్యాంకుల పడితే మడ్డి దిగనీకి టైము దొరకక నీళ్లతోపాటు కొట్టుకపోతది. బోరు మాత్రం గుంతకు కనీసం 60 అడుగుల దూరం ఉండాలె. బండ పగుళ్లల్ల మురికి నీరు ఇంకా దూరం పోతది, కాబట్టి ఎంత ఎడముంటే అంత మేలు.

లెట్రిన్ల నీళ్లు దిగకుంటే ముందు ట్యాంకుకు ముందున్న చాంబర్ (పైపు నడుమ కట్టే చిన్న తొట్టి) మూత తీసి చూడాలె. చాంబర్ ఖాళీగ ఉంటే అడ్డం ఇంటివైపు పైపుల ఉన్నట్టు. నిండి ఉంటే ట్యాంకువైపు. పైపుల దొరికేవి ఎక్కువగ ప్యాడ్లు, గుడ్డ పేలికలు, వెంట్రుకల ఉండలు. అవి చెత్తబుట్టలకు పోవాలె. కమోడు కడగనీకి ఇంత ఫినాయిల్ పరవాలేదు. సీసాలకు సీసాలు యాసిడ్ పోస్తే మురికిని అరిగించే సూక్ష్మజీవులే చస్తయి. బెల్లం, ఈస్టు పొయ్యాలని చెప్పేటోళ్లున్నరు. ఆ జీవులు మన మలంలనే వస్తయి, బెల్లం అరిసెలకు దాచుకోవచ్చు.

రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండ ట్యాంకులకు మనిషిని దింపి కడిగించుడు, చేతులతోని మలం ఎత్తించుడును నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసనొస్తది, ఎక్కువైతే ముక్కును మొద్దుబారుస్తది. వాసన లేదంటే గాలి మంచిదని కాదు. ఎవరైనా పడితే వెంట దూకొద్దు, దూకినోళ్లు కూడ పోతరు. 101కు, 108కి ఫోన్ చెయ్యాలె. పట్నాలల్ల గుంజించనీకి 14420కి చెప్పొచ్చు. ట్యాంకరు వచ్చినప్పుడు మడ్డి ఎక్కడ పోస్తరో అడగాలె. చెరువుల, వాగుల అంటే వద్దనాలె.

గుంజేటప్పుడు అడుగున ఒక అంగుళం మడ్డి ఉంచమనాలె, కొత్త మురికికి అదే తోడు. తర్వాత ట్యాంకును మంచినీళ్లతో నింపి, గాలి గొట్టం పైన చిరిగిన జాలిని మార్చాలె. బోదకాలు తెచ్చే దోమ ఇట్లాంటి మురికినీళ్లల్లనే గుడ్లు పెడతది. మూత అంచులకు సిమెంటు మెత్తినంక, పక్క గోడమీద రంగుతోని తేదీ, మడ్డి ఎన్ని అంగుళాలున్నదో రాయాలె.

మీ తాత