హాప్స్ చేదు గురించి మనవాళ్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

జనగామ దగ్గరి మా ఊళ్లో బాపు తాడెక్కి దింపిన కల్లు పొద్దున తియ్యగా ఉండి, సాయంత్రానికి పులిసిపోయేది. ఆ ఇంట్లో పెరిగిన నేను ఇప్పుడు లైసెన్సు ఉన్న ఒక మైక్రోబ్రూవరీలో బీరు తయారు చేస్తున్నాను. హన్మకొండకు వచ్చినప్పుడల్లా బంధువులూ, అమెరికాలో ఇంట్లోనే బీరు తయారు చేసుకునే మిత్రులూ బీరు చేదు గురించి, ఆ చేదునిచ్చే హాప్స్ అనే తీగ పూల గురించి అడుగుతుంటారు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం నేరం కనుక, కింది లెక్కలను అనుమతి ఉన్న చోటనే వాడాలి.

అపోహ: చేదు ఎక్కువగా ఉన్న బీరులో మత్తు కూడా ఎక్కువ.

మత్తు మాల్టులోని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోని) చక్కెరను ఈస్టు పులియబెట్టడం వల్ల వస్తుంది, చేదు హాప్స్ పూల వల్ల వస్తుంది. ఒకదానితో మరొకదానికి సంబంధం లేదు.

అపోహ: చేదు చాలకపోతే హాప్స్ ఇంకాస్త వేస్తే సరిపోతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే దీనివల్ల ఖరీదైన హాప్స్ వృథా అవుతాయి. చేదుకు మూలమైన, పువ్వులోని ఆల్ఫా ఆమ్లాలు మాల్టు రసంలో (మాల్టును వేడినీటిలో నానబెట్టి తీసిన రసంలో) సరిగా కరగవు. రసం మరుగుతున్నప్పుడు ఆ వేడికి వాటి నిర్మాణం మారి, కరిగే చేదుగా తయారవుతాయి. 20 లీటర్ల రసంలో 10 శాతం ఆల్ఫా ఆమ్లాలున్న హాప్స్ 20 గ్రాములు వేశామనుకుందాం. అందులో ఆల్ఫా ఆమ్లాలు 2 గ్రాములు. గంటసేపు మరిగిస్తే సుమారు నాలుగో వంతు, అంటే 500 మిల్లీగ్రాములు చేదుగా మారి రసంలో నిలుస్తాయి. లీటరుకు 25 మిల్లీగ్రాములు కనుక దాన్ని సుమారు 25 ఐబీయూ (బీరు చేదును కొలిచే ప్రమాణం) అంటాం. అవే హాప్స్‌ను చివరి 15 నిమిషాలకు వేస్తే చేదు దాదాపు సగానికి పడిపోతుంది, కానీ ఎక్కువసేపు మరిగితే ఆవిరైపోయే సుగంధ తైలాలు కొంత మిగులుతాయి. కాబట్టి చేదు కావాలంటే ముందుగా, వాసన కావాలంటే చివరగా వేయాలి. ప్యాకెట్ మీది ఆల్ఫా శాతం కూడా చూడాలి: చెక్ దేశపు సాజ్ రకంలో అది 4 శాతమే ఉంటే, పై చేదు రావడానికి 50 గ్రాములు కావాలి. రసం చిక్కగా ఉన్నప్పుడు చేదు ఇంకా తక్కువగా దిగుతుంది.

అపోహ: ఐబీయూ అంకె ఒకటే అయితే రుచి కూడా ఒకటే.

తీపి మిగిలిన చిక్కటి బీరులో 40 ఐబీయూ మెత్తగా అనిపిస్తుంది, పలుచటి బీరులో అదే 40 నాలుకను గీరుతుంది. నీటి ప్రభావం కూడా తక్కువేమీ కాదు. సల్ఫేటు చేదును పదునెక్కిస్తుంది, క్లోరైడు మాల్టు రుచిని నిండుగా చేస్తుంది. బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటితో చేదు మొరటుగా మారుతుంది. మన వైపు బోరు నీళ్ల రుచి ఎరిగినవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. శుద్ధి చేసిన నీటిని తీసుకుని, సల్ఫేటు కోసం అవసరమైనంత జిప్సం కలపడం నాకు నచ్చిన పద్ధతి.

అపోహ: చేదు ఎక్కువైతే చక్కెర కలిపి సరిచేయవచ్చు.

బతికున్న ఈస్టు ఆ చక్కెరను తినేస్తుంది కనుక తీపి నిలవదు. సీసాల్లో అయితే వాయువు పెరిగి అవి పగిలే ప్రమాదం కూడా ఉంది. 40 ఐబీయూ బీరును అంతే పరిమాణంలో ఉన్న 20 ఐబీయూ బీరుతో కలిపితే 30కి దిగుతుంది. నా అనుభవంలో నమ్మకమైన దారి ఇదే.

అపోహ: హాప్స్ ఎండిన పూలే కదా, డబ్బాలో ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు.

గాలికీ వేడికీ ఆల్ఫా ఆమ్లాలు తగ్గి, పాత చీజ్ వాసన వస్తుంది. వరంగల్ మే నెల ఎండలో అలమారాలో ఉంచిన ప్యాకెట్ మీద రాసిన శాతాన్ని నమ్మి లెక్క వేయడం సరికాదు. గాలి తీసేసిన సంచిలో, ఫ్రీజర్‌లో ఉంచాలి.

అపోహ: హాప్స్ వేసేది చేదు కోసమే.

బాపు నన్ను అడిగింది కూడా ఇదే: "మన కల్లు పొద్దుగూకేసరికి పులుస్తది, నీ బీరు ఎందుకు పులవదు?" కల్లును పుల్లగా మార్చే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలో చాలా రకాలను హాప్స్ చేదు పెరగనివ్వదు. అయితే దానికి తట్టుకునే రకాలు కూడా ఉన్నాయి కనుక, పాత్రలను ప్రతిసారీ కడిగి క్రిమిరహితం చేయవలసిందే.