ఒకే వేసవి, రెండు లెక్కలు: విక్టోరియా పల్లెల్లో ఎండ, కార్చిచ్చు

2009 జనవరి చివరి వారంలో ఆస్ట్రేలియా ఆగ్నేయ కొసన ఉన్న విక్టోరియా రాష్ట్రాన్ని వడగాలి కమ్మేసింది. మెల్‌బోర్న్ నగరంలో వరుసగా మూడు రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. రైలు పట్టాలు వంకర్లు పోయాయి, జనవరి 30న లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మామూలుగా ఆ వారంలో సంభవించే మరణాల కంటే 374 ఎక్కువ సంభవించాయని రాష్ట్ర ఆరోగ్య శాఖ తరువాత తేల్చింది. మరో వారం తిరిగేసరికి, ఫిబ్రవరి 7న, అదే రాష్ట్రంలో కార్చిచ్చు 173 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజుకు ‘బ్లాక్ సాటర్డే’ అన్న పేరుంది, ఊరూరా స్మారకాలున్నాయి, ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ‘రాయల్ కమిషన్’ రాసిన సంపుటాల కొద్దీ నివేదిక ఉంది. అంతకు రెట్టింపు మందిని తీసుకుపోయిన ముందు వారానికి మాత్రం జనం నోట నిలిచిన పేరేదీ లేదు.

ఈ తేడా ఆ ఒక్క ఏడాదికి చెందినది కాదు. విక్టోరియా పల్లెవాసి మంట వస్తే ఏం చేయాలో తాతల నాటి నుంచి నేర్చుకుంటూ వచ్చాడు. ఎండ ముదిరితే ఏం చేయాలో ప్రభుత్వం అతనికి చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు.

అక్కడి పెద్ద మంటలు చాలావరకు ఒకే తీరున నడుస్తాయి. ఖండం నడిబొడ్డున ఉన్న ఎడారి మీదుగా కాగిన గాలి ఉత్తరం నుంచి వీస్తుంది, దాని వెనుకే దక్షిణ సముద్రం నుంచి చల్లగాలి బయలుదేరుతుంది. ఉత్తరపు గాలికి మంట సన్నని, పొడవాటి నాలుకలా సాగుతుంది. గాలి నైరుతికి మళ్లగానే, అంతవరకు పక్క అంచుగా ఉన్న పదుల కిలోమీటర్ల మేర అంతా ఒక్కసారిగా మంటకు ముఖమవుతుంది. ఎండ నుంచి ఊరట తెచ్చే గాలే ఊళ్లను కాల్చే గాలి అన్నమాట. దీనికి తోడు యూకలిప్టస్ అడవి. మన మెట్ట పొలాల్లో కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్ ఈ కుటుంబానిదే. దాని బెరడు పేలికలుగా ఊడి వేలాడడం చూసినవారికి, అదే బెరడు నిప్పంటుకుని గాలిలో కిలోమీటర్ల దూరం ఎగిరిపోయి పడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇళ్లలో చాలావరకు మంట తాకి కాలవు. ముందుగా వచ్చిపడే ఈ నిప్పురవ్వల వల్ల కాలుతాయి.

ఆదివాసీ జాతులు చల్లని కాలంలో అక్కడక్కడ చిన్న చిన్న మంటలు పెట్టి ఎండుగడ్డిని, చెత్తను తగ్గించేవి. అది ఎంత విస్తృతంగా సాగిందన్న దానిపై పండితుల మధ్య వాదం ఇంకా తెగలేదు కానీ, 1830లలో ఐరోపా గొర్రెల కాపరులు వచ్చి స్థిరపడ్డాక ఆ పద్ధతి చాలాచోట్ల తెగిపోయిందనడంలో సందేహం లేదు. 1851 ఫిబ్రవరి 6న సుమారు 50 లక్షల హెక్టార్లు, అంటే విక్టోరియాలో దాదాపు నాలుగో వంతు కాలిపోయింది. మనుషులు పలచగా ఉన్న కాలం కాబట్టి పన్నెండు మందే చనిపోయారు. గొర్రెలు పది లక్షల దాకా పోయాయి.

అసలు మలుపు 1939 జనవరి 13. ఆనాడు మెల్‌బోర్న్‌లో 45.6 డిగ్రీలు నమోదయ్యాయి. ఆ రికార్డు మళ్లీ 2009 ఫిబ్రవరి 7న 46.4 డిగ్రీలతో చెరిగిపోయేదాకా డెబ్భై ఏళ్లు నిలిచింది. ఆ వేసవి మంటల్లో 71 మంది మరణించారు, వారిలో అడవి లోపలి కలప మిల్లుల కార్మికులు చాలామంది ఉన్నారు. విచారణ జరిపిన న్యాయమూర్తి లెనార్డ్ స్ట్రెటన్ ఈ మంటలను మనిషి చెయ్యే రాజేసిందని రాశారు. గడ్డి కోసం నిప్పు పెట్టే పశువుల కాపరులను, పరస్పరం పొసగని ప్రభుత్వ శాఖలను ఆయన విడిచిపెట్టలేదు. 1944లో మళ్లీ మంటలు రేగాక ఆయనే మరో విచారణ జరిపారు. దాని ఫలితంగా 1945లో పల్లెల స్వచ్ఛంద దళాలన్నింటినీ ఒక్క గొడుగు కిందకు తెచ్చిన కంట్రీ ఫైర్ అథారిటీ ఏర్పడింది. రైతు, బడిపంతులు, దుకాణదారు తామే అగ్నిమాపక సిబ్బందిగా మారే ఏర్పాటు నేటికీ అదే.

అదే 1939 జనవరిలో ఆగ్నేయ ఆస్ట్రేలియాలో వడగాలికి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. 2009లోలాగే అప్పుడూ ఎండ మృతులే ఎక్కువ. వారి కోసం ఏ సంస్థా పుట్టలేదు.

మంట వైపు కథ ఇక వేగంగా నడిచింది. 1960లలో అలన్ మెకార్థర్ అనే అటవీ శాస్త్రవేత్త ఎండ, గాలి, తేమ, కరువు లెక్కలను కలిపి మంట ప్రమాదాన్ని ఒక్క అంకెలో చెప్పే సూచికను తయారుచేశారు. 1939 నాటి పరిస్థితిని 100గా పెట్టుకున్నారు, అంతకు మించినది రాదన్న లెక్కతో. 1983 ఫిబ్రవరి 16న విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాల్లో 75 మంది మరణించాక జరిపిన అధ్యయనాల్లో రెండు సంగతులు తేలాయి: ఇంట్లో మనుషులుండి రవ్వలను ఎప్పటికప్పుడు ఆర్పిన ఇళ్లు చాలావరకు నిలిచాయి, చివరి నిమిషంలో కార్లలో పారిపోయినవారే ఎక్కువగా ప్రాణాలు కోల్పోయారు. అక్కడి నుంచి ‘సిద్ధపడి ఉండి పోరాడు, లేదా ముందే వెళ్లిపో’ అన్న విధానం స్థిరపడింది. నీళ్ల ట్యాంకు, కరెంటుతో పనిలేని పెట్రోలు పంపు, ఒంటి నిండా ఉన్ని లేదా నూలు బట్టలు, గొట్టాలు మూసి నీళ్లు నింపిన చూరు కాలువలు, ఇవన్నీ పల్లె ఇంటి సామగ్రిలో భాగమయ్యాయి.

2009లో ఆ నమ్మకం దెబ్బతిన్నది. సూచిక చాలాచోట్ల 100 దాటిపోయింది. మృతుల్లో 113 మంది ఇళ్ల లోపలే చనిపోయారు. పోరాడడానికి శక్తి లేని వృద్ధులు, పిల్లలు, రోగులు వారిలో గణనీయంగా ఉన్నారు. మాజీ న్యాయమూర్తి బెర్నార్డ్ టీగ్ నేతృత్వంలోని రాయల్ కమిషన్ 2010లో 67 సిఫార్సులు చేసింది. మునుపటి విధానాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదు కానీ, అన్ని మంటలకూ అన్ని ఇళ్లకూ ఒకే సలహా చెల్లదని తేల్చింది. సూచికలో ‘కోడ్ రెడ్’ అనే మెట్టు చేరింది. ఆ ప్రకటన వస్తే ఇంటిని కాపాడుకునే మాటే ఉండదు, ముందు రాత్రో తెల్లవారగానేనో వెళ్లిపోవాలి. 2022 సెప్టెంబరు 1 నుంచి దేశమంతటికీ నాలుగు మెట్ల కొత్త పద్ధతి వచ్చాక ఆ పేరు పోయింది, సలహా మారలేదు.

ఎండ వైపు కథ చెప్పడానికి ఇంత లేదు. ఎండకు పొగ ఉండదు, సైరన్ ఉండదు. మరణ ధ్రువపత్రంలో గుండెపోటు అనో మూత్రపిండాల వైఫల్యం అనో రాస్తారు. ఎన్ని ప్రాణాలు పోయాయో వారాల తరువాత గణాంకాల్లో మాత్రమే బయటపడుతుంది. తెలుగులో వడదెబ్బ అన్న మాట ఉంది కాబట్టి ఎండకు చనిపోయినవారికి కనీసం ఊరి నోట ఒక పేరు దక్కుతుంది, ప్రభుత్వ రికార్డుకు ఎక్కడం వేరే సంగతి. విక్టోరియా ప్రభుత్వం 2009 అనుభవం తరువాతే వడగాలి ప్రణాళిక రూపొందించింది. దేశ వాతావరణ శాఖ వడగాలి అంచనాలు ఇవ్వడం 2014 జనవరిలో మొదలైంది, అదే నెలలో విక్టోరియాలో మరో 167 అదనపు మరణాలు సంభవించాయి. ఆ శాఖ నిర్వచనంలో ఒక తెలివైన అంశం ఉంది: ఆ ప్రాంతానికి అలవాటైన దానికంటే వేడి పగలే కాక రాత్రి కూడా ఎంత మిగిలి ఉంది, అలా మూడు రోజులు నిలిచిందా అని చూస్తారు. రాత్రి చల్లబడని చెక్క గోడల, రేకుల కప్పుల ఇంట్లో మూడో రోజుకు ముసలి ప్రాణం ఓడిపోతుంది.

ఈ రెండు ఏర్పాట్లూ వేర్వేరు శాఖల్లో, వేర్వేరు కాలాల్లో పుట్టాయి. అవి కలిసేది పల్లె ఇంటి గుమ్మంలో, అక్కడ ఒకదాని సలహా మరొకదానికి అడ్డం వస్తుంది. సముద్రతీరానికి దూరంగా ఉన్న పల్లెల్లో చల్లదనానికి చాలామంది వాడేది కప్పు మీద బిగించిన నీటి కూలర్. అది బయటి గాలిని లోపలికి లాగుతుంది, మంట దగ్గరలో ఉంటే నిప్పురవ్వల్ని కూడా లాగుతుంది. అందుకే దాన్ని ఆపేయమంటారు. 2009లో అతి ఘోరమైన మంట పాత విద్యుత్ తీగ తెగడంతో పుట్టింది కాబట్టి, మంట ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లో పల్లెల ఒంటితీగ లైన్లు ఒకసారి ట్రిప్ అయితే వాటంతట అవి మళ్లీ కలవకుండా చూడాలని కమిషన్ సూచించింది. సూచనలో తప్పు పట్టడానికేమీ లేదు, కానీ దాని ఫలితంగా ఫ్యాను, ఫ్రిజ్జు, బావి మోటారు అత్యంత అవసరమైన రోజునే ఎక్కువసేపు ఆగిపోవచ్చు.

అనుకోకుండా రెండూ కుదిరిన చోటు ఒకటుంది. పొరుగున ఉన్న దక్షిణ ఆస్ట్రేలియాలో గడ్డిమంట సూచిక 35 దాటితే ధాన్యం కోత ఆపేయాలన్న నియమావళి ఉంది. రైతులు పొలంలోనే చేతి యంత్రంతో గాలి వేగం, వేడి, తేమ కొలుచుకుంటారు. కోత యంత్రం నుంచి నిప్పు పుట్టకూడదని పెట్టిన కట్టుబాటు అది. పనివాడు మండుటెండలో బయట ఉండకపోవడం దానితో పాటు దొరికిన లాభం.

ముందే వెళ్లిపోవడమూ చెప్పినంత సులువు కాదు. తీవ్ర ప్రమాద దినాలు వేసవిలో ఒక్కసారితో ఆగవు. నాలుగుసార్లు గుర్రాన్నీ కుక్కలనూ మంచాన ఉన్న తల్లినీ తీసుకుని పట్నం పోయి, ఏమీ జరగక తిరిగివచ్చిన మనిషి ఐదోసారి చూద్దాంలే అనుకుంటాడు. అతని కోసం కమిషన్ సిఫార్సు మేరకు ఊళ్లలో ‘ఆఖరి ఆశ్రయ స్థలాలు’ గుర్తించారు. వాటిలో చాలావరకు ఊరి ఫుట్‌బాల్ మైదానాలే, ఎందుకంటే చుట్టూ చెట్లు లేని ఖాళీ చోటుకు మంట సెగ తక్కువగా చేరుతుంది. అక్కడ తిండి, నీళ్లు, పశువులకు చోటు ఉంటాయని ఆశించవద్దని అధికారులు ముందే చెబుతారు. చెట్లు లేవు కాబట్టి నీడ కూడా ఉండదు.