నిద్రలోనే ఖర్చయ్యే బ్యాటరీ

తలుపు తెరవగానే ఫోన్‌కు కబురు పంపే చిన్న సెన్సర్లు చాలావరకు సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీతో నడుస్తాయి. అది 3 వోల్టులది, సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఆగకుండా 1 మిల్లీ ఆంపియర్ లాగితే తొమ్మిది రోజుల్లో ఖాళీ. మనకేమో అది ఏళ్ల తరబడి రావాలి.

అందుకే లోపల పరికరాన్ని నడిపే చిన్న కంప్యూటర్ చిప్‌ను, అంటే మైక్రోకంట్రోలర్‌ను, దాదాపు ఎప్పుడూ నిద్రపుచ్చే ఉంచుతారు. నిమిషానికోసారి మేలుకుని, 5 మిల్లీసెకన్లపాటు 5 మిల్లీ ఆంపియర్లు వాడుకుని, రేడియోలో కబురు పంపి మళ్లీ పడుకుందనుకుందాం. ఆ ఖర్చును నిమిషమంతా పంచితే సగటున 0.42 మైక్రో ఆంపియర్లే. నిద్రలో 2 మైక్రో ఆంపియర్లు పోతాయనుకుంటే, పనికంటే నిద్రకే దాదాపు ఐదింతలు! అయినా లెక్క ప్రకారం బ్యాటరీ పదేళ్లొస్తుంది. నిద్ర ఖర్చు 20కి పెరిగితే మాత్రం ఏడాదీ మూడు నెలలే. ఇలాంటి పరికరానికి ప్రాసెసర్ వేగం చూసి చిప్‌ను ఎంచుకోవడం శుద్ధ దండగ అని నా గట్టి నమ్మకం.

చిప్ ఒక్కటీ మంచిదైతే సరిపోదు. తలుపు సెన్సర్లలో ఎక్కువగా అయస్కాంతం దగ్గరికి రాగానే కలుసుకునే రీడ్ స్విచ్ ఉంటుంది. దానికి అలవాటు కొద్దీ 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు చిప్ పిన్నును బ్యాటరీ వోల్టేజీ దగ్గర నిలిపే నిరోధకం) పెట్టారనుకోండి, తలుపు మూసి ఉన్నంతసేపూ 300 మైక్రో ఆంపియర్లు కారిపోతూనే ఉంటాయి. ఇంటి తలుపు రోజులో ఎక్కువ భాగం మూసే కదా ఉండేది! నెల తిరిగేసరికి బ్యాటరీ అయిపోతుంది. ఆ రెసిస్టర్‌ను 1 మెగా ఓమ్‌కు పెంచినా ఇంకా 3 మైక్రో ఆంపియర్లు పోతాయి, అంటే మన చిప్ నిద్ర ఖర్చుకంటే ఎక్కువే.

నిద్రలోనూ కాలం లెక్క తప్పకూడదు. చిప్‌ను పరుగెత్తించే, సెకనుకు లక్షల సార్లు కొట్టుకునే మెగాహెర్ట్జ్ క్లాక్‌ను ఆపేసి, సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికాన్ని మాత్రం నడవనిస్తారు. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకొక టిక్. క్వార్ట్జ్ చేతి గడియారాల్లో ఉండేదీ ఇదే.

మేలుకున్నప్పటి ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వోల్టేజీ సగం చేస్తే అది నాలుగో వంతుకు పడిపోతుంది. నిద్ర ఖర్చు అలా లొంగదు. ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ గుండా కూడా కొద్దిపాటి కరెంటు జారిపోతూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఈ లీకేజీ వేగంగా పెరుగుతుంది. చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్‌లో మొదట కనబడే అంకె సాధారణంగా 25 డిగ్రీల దగ్గరిది. మే నెలలో రామగుండంలో రేకుల కప్పు మీద పెట్టిన పరికరానికి ఆ అంకె ఎలా వర్తిస్తుంది?

2008లో మిచిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫీనిక్స్ అనే ప్రాసెసర్‌ను చేసి చూపారు. నిద్రలో దాని వాడకం సుమారు 30 పికోవాట్లు (పికోవాట్ అంటే వాట్‌లో లక్ష కోట్లవ వంతు). అప్పటికే ట్రాన్సిస్టర్లు మరింత చిన్నవైన 45 నానోమీటర్ల చిప్‌లు మార్కెట్లో ఉన్నా, వాళ్లు కావాలనే పాత 180 నానోమీటర్ల పద్ధతిని ఎంచుకున్నారు. పాత ట్రాన్సిస్టర్లకు జాగా ఎక్కువ కావాలి, మేలుకున్నప్పుడు శక్తీ ఎక్కువే తింటాయి. కానీ లీకేజీ చాలా తక్కువ. బతుకంతా నిద్రలోనే గడిపే చిప్‌కు ఆ బేరం బాగా గిట్టుబాటైంది.