తనకు తానే గాలి కొట్టుకునే సైకిల్ టైరు

సైకిల్‌ను రెండు నెలలు వాడకుండా వదిలేస్తే ఎక్కడా పంక్చర్ లేకపోయినా టైరు మెత్తబడుతుంది. గాలి రబ్బరు గుండానే పోతుంది. రబ్బరు పొడవాటి అణువుల అల్లిక. ఆ అల్లికలోని సందుల్లోంచి లోపలి గాలి కొద్దికొద్దిగా బయటికి జారుకుంటుంది. సహజ రబ్బరుతో చేసే లేటెక్స్ ట్యూబైతే రాత్రి కొట్టిన గాలి తెల్లారేసరికే తగ్గినట్టు తెలుస్తుంది. 1930లలో అమెరికాలో కనిపెట్టిన బ్యూటైల్ రబ్బరు గాలిని చాలా మెరుగ్గా పట్టి ఉంచుతుంది. ఇవాళ మనం వాడే ట్యూబుల్లో ఎక్కువ భాగం దాంతో చేసినవే. అయినా కారడం ఆగదు, నెమ్మదిస్తుందంతే.

గాలి తగ్గిన టైరు తిరుగుతున్నప్పుడు నేలకు తగిలే ప్రతి భాగమూ ఎక్కువగా అణిగి, మళ్లీ లేస్తుంది. అణగడానికి పట్టిన శక్తి మొత్తం తిరిగి రాదు. కొంత వేడిగా మారిపోతుంది. ఆ నష్టాన్ని పూడ్చేది తొక్కేవాళ్ల కాళ్లే. పైగా గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి చిల్లులు పడుతుంది.

మన పాత తరహా సైకిళ్లలో ఇంకో చిక్కు ఉంది. వాటి వాల్వు లోపల చిన్న రబ్బరు గొట్టం, అదే వాల్వ్ ట్యూబ్, గాలిని వెనక్కి రాకుండా ఆపుతుంది. అది ఎండిపోయి చిట్లితే గాలి దిగిపోతుంది. అది ఉండడం వల్లే మామూలు గేజీతో లోపలి ఒత్తిడి కొలవడమూ కుదరదు. బొటనవేలితో నొక్కి చూసి అంచనా వేసుకోవాల్సిందే. కాబట్టి తక్కువ గాలితోనే తొక్కుతున్న సంగతి చాలామందికి తెలియను కూడా తెలియదు.

గాలి చూసుకుని కొట్టుకునే ఈ పనంతా టైరుకే అప్పగిస్తే? 2011లో పంప్‌టైర్ అనే ఇలాంటి సైకిల్ టైరు కోసం, జనం నుంచి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో నిధులు అడిగారు, అనుకున్నంత డబ్బు రాలేదు. అదే ఏడాది గుడ్‌ఇయర్ కంపెనీ కూడా లారీల కోసం, కార్ల కోసం ఇలాంటి పరిశోధన చేస్తున్నట్టు ప్రకటించింది.

ఆలోచన మాత్రం అందమైనది. టైరు చుట్టూ సన్నటి గొట్టం ఉంటుంది. చక్రం తిరుగుతుంటే, నేలకు తగిలిన చోట ఆ గొట్టం నొక్కుకుపోతుంది. చక్రంతో పాటు ఆ నొక్కు కూడా గొట్టం పొడవునా ముందుకు జరుగుతూ, ఎదురుగా ఉన్న గాలిని లోపలికి తోస్తుంది. వెనక ఖాళీ అయిన గొట్టం బయటి నుంచి కొత్త గాలి పీల్చుకుంటుంది. మనం మింగిన ముద్దను అన్నవాహిక కిందికి దించేది ఇలాగే. డయాలసిస్ యంత్రంలో రక్తాన్ని నడిపే పంపు సూత్రమూ ఇదే. కావలసినంత ఒత్తిడి రాగానే ఒక కవాటం బయటి గాలిని ఆపేస్తుంది.

ఇది నిజంగా సరిపోతుందా అని లెక్క వేసి చూద్దాం. 2 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం, చుట్టుకొలత 2.1 మీటర్లున్న చక్రం అనుకుంటే ఒక్క చుట్టుకు సుమారు 6.5 మిల్లీలీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరులో పట్టే చోటు దాదాపు 2.6 లీటర్లు. ఒత్తిడి 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పెరగాలంటే బయటి నుంచి ఇంకో 2.6 లీటర్ల గాలి కావాలి. దానికి 400 చుట్లు, అంటే కిలోమీటరు లోపే. దీనికి తొక్కేవాళ్లు అదనంగా పెట్టాల్సింది రెండు వాట్ల వరకే. మామూలుగా తొక్కేటప్పుడు మనం పెట్టే శక్తి అరవై, డెబ్బై వాట్లు ఉంటుంది కాబట్టి తేడా కాళ్లకు తెలియదు. నిజానికి గొట్టం ప్రతిసారీ పూర్తిగా మూసుకోదు, కొంత గాలి వెనక్కి జారుతుంది. అందుకని దూరం రెండింతలైనా సరే, ఆఫీసుకో బడికో చేరేలోపు టైరు గట్టిపడుతుంది. రోజూ తొక్కే మనిషికి ఇది నిజమైన సుఖం.

కానీ పల్లేరు కాయ దిగితే? ముల్లు అలాగే ఉండి గాలి కొంచెం కొంచెం పోతుంటే, తొక్కుతున్నంతసేపూ ఈ టైరు ఆ నష్టాన్ని పూడుస్తూనే ఉంటుంది. ఇంటిదాకా చేరుస్తుంది, అది మంచిదే. టీ తాగడానికి ఆగితే మాత్రం పంపూ ఆగుతుంది, టైరు కూర్చుంటుంది. పంక్చర్ పడిందన్న సంగతే అప్పటిదాకా తెలియకపోవచ్చు. ఇక పెద్ద చిల్లు పడితే ఏ గొట్టమూ ఆదుకోలేదు. సైకిల్‌ను దారి మధ్యలో ఆపేది ఎక్కువగా ముల్లూ మేకూ కాబట్టి, అసలు బాధ తీరనట్టే.

గాలి పీల్చే రంధ్రం రోడ్డుకు అంత దగ్గరగా ఉండడం నన్ను ఇంకా కలవరపెడుతుంది. మన వానాకాలపు బురద, వేసవి దుమ్ము దాని ఫిల్టర్‌ను ఎన్నాళ్లు ఉండనిస్తాయి? అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకోటి. టైరు అరిగిపోయే వస్తువు. పంపును అందులో పెడితే, టైరు అరిగిన రోజున బాగా పనిచేస్తున్న పంపును కూడా పారేయాలి. పక్క వీధిలో దొరికే మామూలు టైరు వేసుకున్నామా, పెట్టిన డబ్బంతా పోయినట్టే.

పంపును చక్రం హబ్‌లో, అంటే ఆకులన్నీ కలిసే నడిమి భాగంలో, పెట్టడమే తెలివైన పని అని నా అభిప్రాయం. నెదర్లాండ్స్‌కు చెందిన గ్రావా అనే కంపెనీ చేసింది అదే. చక్రం తిరుగుతుంటే హబ్‌లోని చిన్న పంపు నడుస్తుంది, హ్యాండిల్ మీది మీట నొక్కి గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. 2023లో ఫ్రాన్స్‌లో జరిగే పారిస్–రూబే సైకిల్ రేసులో యుంబో–విస్మా జట్టు దీన్ని వాడింది. ఆ దారిలో 50 కిలోమీటర్లకు పైగా రాళ్లు పరిచిన బాటలే. రాళ్ల మీద గాలి తక్కువుంటే పట్టు, తారు మీద ఎక్కువుంటే వేగం. రెండో ప్రపంచయుద్ధంలో నీటిలోనూ నేల మీదా నడిచిన డక్ వాహనాల డ్రైవర్లు ఇసుక తీరానికి చేరగానే కూర్చున్న చోటి నుంచే టైర్ల గాలి తగ్గించేది కూడా ఇందుకే.

అయితే గ్రావా చక్రాల ధర లక్షల్లో పలికింది. రేసు జట్టుకు అది ఖర్చే కాదు. దీని అవసరం ఎక్కువగా ఉన్నది మాత్రం తెల్లవారుజామున పాలకేన్లు కట్టుకుని వెళ్లేవాళ్లకి, ఊరు దాటి హైస్కూలుకు తొక్కుకుంటూ వెళ్లే పిల్లలకి. మీటలేవీ అక్కర్లేదు, 50 పీఎస్‌ఐ దగ్గర తనంతట తానే ఆగే ఒక మొరటు పంపు హబ్‌లో ఉంటే వాళ్లకు చాలు. హబ్‌లో డైనమో పెట్టి లైటు వెలిగించడం పాత సంగతే కాబట్టి ఇది అసాధ్యమని నేను అనుకోను. అలాంటిది చవగ్గా వచ్చేలోపు, గాలి మాటిమాటికీ దిగిపోతుంటే ముందు వాల్వ్ ట్యూబ్ మార్చి చూడండి.