దొహూక్ వీధిలో గొడ్డలి: అసిరియన్ల ఉగాది వెనక ఉన్న తగాదా

2025 ఏప్రిల్ 1న ఉత్తర ఇరాక్‌లోని దొహూక్ నగరంలో అసిరియన్ల, అంటే సిరియాక్ భాష మాట్లాడే స్థానిక క్రైస్తవుల, కొత్త సంవత్సరం ఊరేగింపు బజారు మీదుగా సాగుతుండగా ఒకడు గొడ్డలితో జనం మీద పడ్డాడు. గాయపడినవారిలో ఒక కుర్రాడు, డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉన్నారు. చుట్టూ ఉన్నవాళ్లే వాడిని పట్టి పడేశారు. వాడు ఐసిస్ భావజాలం తలకెక్కిన సిరియా దేశస్థుడని, ఆ ప్రాంతాన్ని ఏలే కుర్దు స్వయంపాలిత ప్రభుత్వ అధికారులు ప్రకటించారు. దాంతో పాత ప్రశ్నలన్నీ మళ్లీ పైకి వచ్చాయి. ఈ పండగ ఎంత పాతది? ఆ వీధిలో ఊరేగే హక్కు ఎవరు ఇచ్చారు? ఎవరు కాపాడాలి?

ప్రాచీన బాబిలోన్‌లో పన్నెండు రోజుల అకీతు అనే కొత్త సంవత్సర ఉత్సవం, మర్దూక్ దేవుడి ఎదుట పూజారి రాజు చెంప మీద కొట్టే తంతు గురించి పండగ వచ్చిన ప్రతిసారీ రాస్తూనే ఉంటారు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి పోనక్కర్లేదు. 1991 దగ్గర ఆగితే చాలు.

ఆ ఏడాదికి ముందు ఇరాక్‌లో ఈ పండగను సొంత పేరుతో వీధిలో చేసుకోవడం జరిగే పని కాదు. 1972లో బాత్ పార్టీ (తర్వాత సద్దాం హుస్సేన్ నడిపిన పార్టీ) ప్రభుత్వం సిరియాక్ భాష మాట్లాడేవారికి సాంస్కృతిక హక్కులు ఇస్తున్నట్టు ఉత్తర్వు తెచ్చింది. అయిదేళ్లు తిరిగేసరికి, 1977 జనగణనలో, అరబ్బు అనో కుర్దు అనో రాయించుకోమంది. అసిరియన్ అన్న గడే లేదు. 1979లో రహస్యంగా పుట్టిన అసిరియన్ డెమోక్రటిక్ మూవ్‌మెంట్‌కు చెందిన ముగ్గురిని 1985 ఫిబ్రవరి 3న ఉరి తీశారు. 1988లో కుర్దుల మీద సద్దాం సైన్యం చేసిన అన్ఫాల్ దాడుల్లో కుర్దుల ఊళ్లతో పాటు అసిరియన్ల ఊళ్లూ నేలమట్టమయ్యాయి. ఈ సంగతి ఎక్కువమంది చెప్పరు.

1991లో గల్ఫ్ యుద్ధం తర్వాత ఉత్తరాన తిరుగుబాటు లేచింది. ఇరాక్ విమానాలు ఎగరకూడదన్న విమాన నిషేధ మండలం వచ్చింది. ఆ శరదృతువులో సద్దాం యంత్రాంగం అక్కడి నుంచి వెనక్కి తగ్గింది. ఆ ఖాళీలోనే అసిరియన్లు సొంత పార్టీతో, సొంత జెండాతో బయటికి వచ్చారు. 1992 మేలో జరిగిన ప్రాంతీయ ఎన్నికల్లో క్రైస్తవులకు కేటాయించిన అయిదు సీట్లలో నాలుగు అసిరియన్ డెమోక్రటిక్ మూవ్‌మెంటే గెలిచింది. ఖా బ్ నీసాన్, అంటే వసంతంలో వచ్చే నీసాన్ మాసపు మొదటి రోజు (ఏప్రిల్ 1), ఇంటి గడప దాటి వీధిలోకి నడిచింది కూడా అప్పుడే. అప్పటినుంచి ఇది పండగే కాదు, ఏటా ఒకసారి తాము ఇక్కడే ఉన్నామని ప్రభుత్వాల ముందు వేయించుకునే హాజరు.

నడిచే చోటు ఏదో కూడా చూడాలి. దొహూక్‌కు పడమరగా కొద్ది కిలోమీటర్ల దూరంలోనే సిమేలె ఉంది. 1933 ఆగస్టులో ఇరాక్ సైన్యం అసిరియన్లను ఊచకోత కోసిన ఊరు. ఆగస్టు 7ను వాళ్లు అమరుల దినంగా పాటిస్తారు. అక్కడికి అంత దగ్గర్లో జెండా పట్టుకుని నడవడం వాళ్లకు మామూలు విషయం కాదు.

ఇది కల్పిత పండగ అనేవాళ్లు చూపించే ఆధారం సంవత్సరాల లెక్క. 2025ను అసిరియన్లు 6775గా లెక్కపెడతారు. క్రీస్తుపూర్వం 4750 నుంచి మొదలయ్యే ఈ లెక్క 1950లలో టెహ్రాన్‌లో వెలువడిన గిల్గమేష్ పత్రిక ద్వారా వ్యాప్తిలోకి వచ్చిందన్నది నిజం. మూడు రంగుల కిరణాలు ఉన్న జెండాకూ రూపం వచ్చింది 1968లోనే. అయితే ఏంటి? లెక్క కొత్తదైనంత మాత్రాన వసంతాన్ని ఆహ్వానించే ఆచారం కొత్తది అయిపోదు. నీసాన్ మొదటి రోజున పచ్చగడ్డి, పూల కొమ్మలు కట్టగా కట్టి ఇంటి ముందు వేలాడదీసే 'దిఖ్నా ద్ నీసాన్' పల్లెల్లో ఆడపిల్లలు చేసే పని. మన ఇళ్లలో ఉగాదికి మామిడి తోరణం కట్టినట్టే. దానికి ఏ పత్రికా పుట్టుక ఇవ్వలేదు.

ఊరేగింపులో ముందు కనిపించేది బట్టలే. మగవాళ్ల కుచ్చుటోపీలకు గుచ్చిన ఈకలు, రంగురంగుల కుట్టుపని ఉన్న వెడల్పు లాగులు, ఆడవాళ్ల తలకట్టుకు వేలాడే వెండి బిళ్లలు. జుర్నా ఊదుతుంటే, దవోలా డోలు మోగుతుంటే, చేతులు కలుపుకుని వరసగా ఖిగ్గా ఆడతారు. వరస కొసన ఉన్నవాడు రుమాలు తిప్పుతూ అడుగు నిర్ణయిస్తాడు. చర్చిలు వేరైనా, కొందరు కల్దీయులమనీ కొందరు సిరియాక్‌లమనీ చెప్పుకున్నా, ఆ వరసలో అందరూ కనిపిస్తారు.

తాము భద్రత ఇవ్వబట్టే ఈ ఊరేగింపు జరుగుతోందని, బాగ్దాద్ కింద ఇది సాధ్యమయ్యేదే కాదని కుర్దు నాయకత్వం అంటుంది. అందులో నిజం ఉంది. కానీ అసిరియన్లు అడిగేది ఒక్కరోజు బందోబస్తు కాదు. నహ్లా లోయలో తమ భూములు ఆక్రమించారని 2016 ఏప్రిల్‌లో ఎర్బిల్‌లోని కుర్దిస్తాన్ పార్లమెంటు ముందు నిరసనకు బయల్దేరిన గ్రామస్థులను దారిలోనే ఆపేశారు. 2017లో అల్‌ఖోష్ పట్టణ మేయర్‌ను తప్పించి కుర్దు అధికార పార్టీకి చెందినవారిని కూర్చోబెడితే స్థానికులు వీధుల్లోకి వచ్చారు. 2024 ఫిబ్రవరిలో ఇరాక్ ఫెడరల్ సుప్రీంకోర్టు కుర్దిస్తాన్ పార్లమెంటులోని 11 మైనారిటీ సీట్లనూ రద్దు చేసింది. తర్వాత తిరిగి వచ్చినవి అయిదు, అవీ క్రైస్తవులు, తుర్క్‌మెన్లు పంచుకోవాలి.

బాగ్దాద్ చేసిందీ చెప్పాలి. 2014 జనవరిలో మోసుల్ పక్కన అసిరియన్ల ఊళ్లున్న నినెవె మైదానాన్ని ప్రత్యేక రాష్ట్రంగా చేసేందుకు ఇరాక్ మంత్రివర్గం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆగస్టులో ఐసిస్ ఆ మైదానంలోకి వచ్చింది, అక్కడి క్రైస్తవ పట్టణం ఖరఖోష్ ఒక్క రాత్రిలో ఖాళీ అయింది. ఐసిస్‌ను తరిమి ఏళ్లు గడిచాయి. ఆ రాష్ట్రం మాత్రం నేటికీ రాలేదు.